రామానుజన్‌కు నీడనిచ్చిన ఇళ్లు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం గురించి రాసి ఇమ్మని కార్యదర్శి గారు కోరారు. నేను గనిలో టైమ్ ఆఫీసు గుమాస్తాగా పని చేసి విరమించుకున్నవాణ్ణి. మస్టర్లు, హాజరు, ఓవర్‌టైమ్ తప్ప పెద్ద లెక్కలు నాకు తెలియవు. అయినా గణిత మేధావి శ్రీనివాస రామానుజన్ గురించి రాద్దామని కూర్చున్నాను. దానికి కారణం లెక్కలు కావు, ప్రస్తుతం మా ఇంట్లో నడుస్తున్న ఒక ముచ్చట.

మా పెద్ద మనవడు పై చదువుకు జర్మనీ వెళ్లబోతున్నాడు. వీసా కోసం ఎదురుచూస్తూ రెండు నెలల నుంచి హైదరాబాదులో స్నేహితుడి గదిలో ఉంటున్నాడు. అద్దెలో వాటా ఇస్తానంటే ఆ అబ్బాయి తీసుకోవడం లేదట. వాళ్ల నానమ్మ రోజూ ఫోనులో ఎన్నాళ్లని ఒకరి పంచన ఉంటావురా అని అడుగుతుంది. ఆ మాట చెవిన పడినప్పుడల్లా నాకు ఇద్దరు గుర్తుకొస్తున్నారు. ఒకరు రామానుజన్. రెండో అతని సంగతి తరువాత మనవి చేస్తాను.

ఇంకొక్క మాట. రామానుజన్ ఇంగ్లండు ఓడ ఎక్కేనాటికి అతని వయసు 26 ఏళ్లు. మన మనవళ్ల ఈడువాడు. అందుచేత చాలాచోట్ల ఏకవచనంలో రాస్తున్నాను. పెద్దలు మన్నించాలి.

1887 డిసెంబరు 22న ఈరోడులో అమ్మమ్మగారింట పుట్టిన రామానుజన్ పెరిగింది కుంభకోణంలో. తండ్రి బట్టల కొట్టులో గుమాస్తా. నెలకు 20 రూపాయల జీతం. ఆ జీతంతో ఇల్లు గడవక తల్లి కోమలతమ్మాళ్ గుడిలో భజనలు పాడేది, కాలేజీలో చదివే పరాయి ఊరి కుర్రాళ్లను ఇంట్లో పెట్టుకుని భోజనం పెట్టేది. పదకొండేళ్లు వచ్చేసరికి ఆ కుర్రాళ్లకు తెలిసిన లెక్కలన్నీ ఈ పిల్లవాడు లాగేసుకున్నాడు. తరువాతి కాలంలో ఎన్నో ఇళ్లలో తలదాచుకున్న మనిషి, చిన్నతనంలో పరాయి పిల్లలకు చోటిచ్చిన ఇంట్లోనే పెరిగాడన్న మాట.

1903లో స్నేహితుల ద్వారా కార్ అనే ఆయన రాసిన గణిత గ్రంథం చేతికి వచ్చింది. వేల సూత్రాలు, వాటికి నిరూపణలు మాత్రం దాదాపు ఉండవు. అక్కడి నుంచి రామానుజన్‌కు మరో లోకం లేకపోయింది. మెట్రిక్ బాగా ప్యాసై కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో స్కాలర్‌షిప్ సంపాదించినవాడు, లెక్కలు తప్ప మరేదీ చదవక దాన్ని పోగొట్టుకున్నాడు. 1905లో ఎవరికీ చెప్పకుండా రైలెక్కి మన విశాఖపట్నం వెళ్లిపోయాడు. తల్లిదండ్రులు తల్లడిల్లిపోయారు. కొద్ది వారాలకు ఇల్లు చేరాడు. 1906లో మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో చేరి, బ్రాడ్వే దగ్గర సందులో అమ్మమ్మ ఉంటున్న ఇంట్లో ఉన్నాడు. అక్కడ కూడా ఎఫ్.ఎ. తప్పాడు. శరీరశాస్త్రం పేపరులో జీర్ణవ్యవస్థ గురించి అడిగితే, ఆ పాఠం తనకే జీర్ణం కాలేదని రాసి వచ్చాడని చెబుతారు. మరుసటి సంవత్సరం మళ్లీ తప్పాడు.

1909లో జానకితో పెళ్లి చేశారు. ఆమె పదేళ్ల పిల్ల. డిగ్రీ లేదు, ఉద్యోగం లేదు, నెత్తిన సంసారం. అప్పటి నుంచి నోటుబుక్కులు చంకన పెట్టుకుని మనుషులను వెతుక్కుంటూ తిరగడం మొదలయింది. అసలు నేను చెప్పదలచుకున్నది ఈ నాలుగైదేళ్ల సంగతే. ఇంగ్లండులో అతను ఏం సాధించాడన్నది పాఠ్యపుస్తకాల్లో మన పిల్లలు చదువుకుంటూనే ఉన్నారు.

ఆ రోజుల్లో ఒకసారి మద్రాసులో ఒంట్లో బాగాలేక గుర్రబ్బండి కట్టించుకుని పచ్చయ్యప్ప కళాశాల నాటి సహాధ్యాయి రాధాకృష్ణ అయ్యర్ ఇంటి ముందు దిగాడు. ఆయన లోపలికి తీసుకెళ్లి పడుకోబెట్టి, అన్నం పెట్టి, డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాడు. దగ్గరుండి చూసుకునే మనిషి కావాలి, ఇంటికి పంపడం మంచిదని డాక్టరు చెప్పాడు. రాధాకృష్ణ అయ్యర్ స్టేషనుకు వచ్చి కుంభకోణం రైలు ఎక్కించాడు. రైలు కదిలే ముందు రామానుజన్ రెండు లావుపాటి నోటుబుక్కులు ఆయన చేతిలో పెట్టి, తాను పోతే వీటిని పచ్చయ్యప్పలో లెక్కల ప్రొఫెసర్ సింగారవేలు మొదలియార్ గారికో, క్రిస్టియన్ కాలేజీ ప్రొఫెసర్ రాస్ దొరకో అప్పగించమని చెప్పాడు. తన దగ్గర ఉన్న ఆస్తి అదొక్కటే. దాన్ని అన్నం పెట్టిన స్నేహితుడి దగ్గర దాచుకున్నాడు.

1910లో తిరుక్కోవిలూరు వెళ్లి డిప్యూటీ కలెక్టర్ రామస్వామి అయ్యర్ గారిని కలిశాడు. భారత గణిత సంఘాన్ని 1907లో స్థాపించింది ఆయనే. రెవెన్యూ శాఖలో చిన్న గుమాస్తా పని ఇప్పించమని అడిగితే, ఆయన నోటుబుక్కులు తిరగేసి, ఈ మనిషిని తాలూకా కచేరీలో కూర్చోబెట్టడానికి మనసొప్పక ఉత్తరాలు రాసిచ్చి మద్రాసు పంపారు. మద్రాసులో ఉండటానికి చోటు? కుంభకోణం నుంచి తెలిసిన నరసింహ అయ్యంగార్, అతని సోదరుడు సారంగపాణి అక్కడే ఉంటున్నారు. వాళ్ల దగ్గర చేరాడు. ఇంకొకరి బసలో అదనపు మనిషిగా ఉండటం ఎట్లా ఉంటుందో మనలో చాలామందికి అనుభవమే.

అక్కడి నుంచి ఉత్తరం పట్టుకుని మన నెల్లూరు వచ్చాడు. అప్పటి నెల్లూరు కలెక్టర్ దివాన్ బహదూర్ ఆర్. రామచంద్రరావు గారు గణిత సంఘానికి కార్యదర్శి. ఆయన మేనల్లుడు కృష్ణారావు వెంటబెట్టుకుని తీసుకెళ్లాడు. పొట్టిగా, బొద్దుగా, గడ్డం పెరిగి, శుభ్రంగా కూడా లేని ఆ కుర్రాణ్ణి చూసి కలెక్టరు గారికి మొదట పెద్ద నమ్మకం కలగలేదు. రెండు మూడు సార్లు రమ్మన్నారు. రామానుజన్ తేలిక విషయాలతో మొదలుపెట్టి ఒక్కొక్క మెట్టే ఎక్కిస్తూ పోయేసరికి ఆయనకు దారి తప్పినట్టయింది. చివరికి నీకేం కావాలని అడిగారు. తిండికి వెతుక్కోకుండా లెక్కలు చేసుకునే తీరిక చాలునన్నాడు.

రామచంద్రరావు గారు నెల్లూరులోనే ఏదో ఒక కొలువు ఇచ్చి తన దగ్గర పెట్టుకోవచ్చు. ఇలాంటివాణ్ణి చిన్న ఊళ్లో మగ్గిపోనివ్వడం అన్యాయమని తలచి తిరిగి మద్రాసు పంపారు. నెలకు 25 రూపాయలు సొంత డబ్బు పంపుతూ వచ్చారు. దగ్గర పెట్టుకోవడం కన్నా దూరంగా ఉంచి పోషించడం గొప్పదని నాకు తోస్తుంది. పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లు ఇట్లా చేయడం నా సర్వీసులో నేను అరుదుగా చూశాను.

1911 మే నుంచి ట్రిప్లికేన్‌లో సమ్మర్ హౌస్ అనే ఇంట్లో మకాం. మళ్లీ ఆ అన్నదమ్ములే, నరసింహ, సారంగపాణి. మరుసటి సంవత్సరం ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినప్పుడు తన చిరునామాగా రాసుకున్నది కూడా ఈ సమ్మర్ హౌసే. ఆ ఏడే గణిత సంఘం పత్రికలో అతని మొదటి వ్యాసం అచ్చయింది. పాఠకులను సాధించమని ఒక లెక్క కూడా ఇచ్చాడు. వర్గమూలం లోపల వర్గమూలం, దాని లోపల మరొకటి, అట్లా అంతులేకుండా పోతుంది. ఆరు నెలలు గడిచినా ఎవరూ పంపలేకపోతే జవాబు తనే చెప్పాడు. 3.

కాగితం ఖరీదెక్కువ. అందుకని పలక మీద చేసేవాడు. గుడ్డతో తుడవటానికి తీరిక లేక మోచేత్తో తుడిచి, తుడిచి, మోచెయ్యి నల్లబడిపోయిందట. చోటిచ్చిన నరసింహకు లెక్కల్లో అంతంత మాత్రం. రామానుజన్ కూర్చోబెట్టి చెప్పాడు. పరీక్ష రోజున పని వదిలిపెట్టి మరీ పరీక్ష హాలు దగ్గరకు నడిచి వెళ్లి ధైర్యం చెప్పి వచ్చాడు. నరసింహ అత్తెసరు మార్కులతో గట్టెక్కాడు.

ఇక్కడ నేను ముందు చెప్పిన రెండో అతని సంగతి రాయాలి. ఇన్నేళ్లుగా ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు.

అప్పుడు మేము గోదావరిఖనిలో రెండు గదుల క్వార్టర్లో ఉన్నాం. నేను, మా ఇంటావిడ, ఇద్దరు పిల్లలు, మా అమ్మ. మా మేనత్త వైపు కుర్రాడొకడు ఇంజనీరింగు చదివి విదేశాల్లో పై చదువులకు రాసుకుంటున్నాడు. వాళ్లది మంథని అవతల పల్లె. ఉత్తరాలు సరిగా అందవని మా క్వార్టరు చిరునామా ఇచ్చాడు. పది రోజులని వచ్చి నలభై రోజులున్నాడు. మంచివాడే. నీళ్లు పట్టేవాడు, మా పిల్లలకు పాఠాలు చెప్పేవాడు. కానీ రాత్రి రెండింటి దాకా లైటు వేసుకుని చదివేవాడు. నాకా షిఫ్టులు. నైటు షిఫ్టు దిగి వచ్చి పగలు పడుకుందామంటే ముందు గదిలో అతని పుస్తకాలు, ట్రంకు పెట్టె. ఒకరోజు నిద్రలేని చిరాకులో ఇంకా ఎన్నాళ్లుంటుంది నీ పని అని అడిగాను. అంతే అన్నాను. అతను ఇవాళో రేపో అయిపోతుంది మామయ్యా అన్నాడు. మర్నాడు నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి ముందు గది ఖాళీ. మా ఇంటావిడ కట్టిచ్చిన అన్నం మూట పట్టుకుని రామగుండం స్టేషనుకు వెళ్లిపోయాడట. ఆ వారంలోనే విదేశీ స్టాంపులతో అతని పేర కవరు వచ్చింది. వాళ్ల ఊరికి మనిషినిచ్చి పంపాను. చదువుకు వెళ్లాడు. చాలా ఏళ్లు సంక్రాంతికి గ్రీటింగు కార్డు పంపేవాడు. ఏం రాయాలో తోచక ఒక్కదానికీ జవాబు రాయలేదు. తరువాత అవీ ఆగిపోయాయి.

సమ్మర్ హౌసులో కూడా ఇరుకే కదా, చదువుకునే కుర్రాళ్లే కదా. అర్ధరాత్రి పలక చప్పుడుకు వాళ్లకు నిద్రాభంగం కాలేదా అని నాకు అనిపిస్తుంది. సరే, కథలోకి వద్దాం.

ఒకరి డబ్బు మీద బతకడం రామానుజన్‌కు ఇష్టం లేకపోయింది. 1912 మొదట్లో అకౌంటెంట్ జనరల్ ఆఫీసులో 20 రూపాయలకు కొద్ది వారాలు తాత్కాలికంగా పని చేసి, మార్చి 1న మద్రాసు పోర్ట్ ట్రస్టులో 30 రూపాయల గుమాస్తాగా చేరాడు. మనలాంటి గుమాస్తాయే! అక్కడ ముఖ్య గణకులు నారాయణ అయ్యర్ గారికి లెక్కలంటే ప్రాణం. ఆఫీసు విడిచాక రాత్రిళ్లు ఆయన ఇంట్లో ఇద్దరూ చెరొక పలక పట్టుకుని కూర్చునేవారు. ఛైర్మన్ సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ దొరకు రామానుజన్ గురించి చెప్పి ఒప్పించింది కూడా నారాయణ అయ్యర్ గారే. ఉద్యోగం దొరికాక జార్జ్‌టౌన్‌లో శైవ ముత్తయ్య మొదలి వీధిలో చిన్న ఇల్లు అద్దెకు తీసుకుంటే భార్య, తల్లి వచ్చి చేరారు. పెళ్లయిన మూడేళ్లకు గాని జానకమ్మకు కాపురం దక్కలేదు.

1913 జనవరి 16న కేంబ్రిడ్జిలోని హార్డీ దొరకు రాసిన ఉత్తరం సంగతి లోకానికంతా తెలిసినదే. హార్డీ ఆ సూత్రాలు చూసి విస్తుపోయి రమ్మన్నాడు. సముద్రం దాటితే కులం పోతుందన్న రోజులు, తల్లి ఒప్పుకోలేదు. ఈలోగా మద్రాసు విశ్వవిద్యాలయం డిగ్రీ లేకపోయినా 1913 మే నుంచి నెలకు 75 రూపాయల పరిశోధక వేతనం ఇచ్చింది. 1914 జనవరిలో కేంబ్రిడ్జి నుంచి ఉపన్యాసాలకు వచ్చిన నెవిల్ అనే యువ గణితవేత్త భయపడుతూనే మళ్లీ అడిగితే, ఈసారి సరేనన్నాడు. నామక్కల్ నామగిరి అమ్మవారు తల్లికి కలలో కనిపించి అడ్డుపడవద్దన్నదని చెబుతారు. ఏడాదికి 250 పౌండ్లు, ఓడ ఖర్చులు మంజూరయ్యాయి. అందులోంచి నెలకు 60 రూపాయలు ఇంటికి పంపే ఏర్పాటు చేసుకున్నాడు.

ఇక ప్రయాణపు సన్నాహాలు. ఇల్లు ఖాళీ చేసి, మార్చి 14న తల్లిని, భార్యను ఎగ్మోరులో కుంభకోణం రైలెక్కించాడు. ఓడ 17న. మూడు రోజుల ముందే ఎందుకు పంపాడంటే, పిలక తీసేయించుకుని దొరవేషం వేసుకున్న తనను వాళ్లు చూడకూడదని. ప్రెసిడెన్సీ కాలేజీ ప్రొఫెసర్ లిటిల్‌హైల్స్ దొర తన మోటారు సైకిలు పక్కబండిలో కూర్చోబెట్టుకుని కొట్లకు తిప్పి చొక్కాలు, కాలర్లు, టైలు, బూట్లు కొనిపించాడు. విదేశపు అలవాట్లు పట్టుబడాలని, పాశ్చాత్య పద్ధతిలో బతికే ఒక ఇంట్లో కొద్ది రోజులు ఉంచారు. శాకాహారం తప్ప వడ్డించకూడదని ముందే షరతు. కత్తితో, ఫోర్కుతో తినడం నేర్పారు. ముక్కూ మొగం తెలియని నౌకర్లు వచ్చి వడ్డిస్తుంటే అతనికి ముద్ద దిగేది కాదట. తలదాచుకున్న ఇళ్లన్నిటిలోనూ సౌకర్యం ఎక్కువున్నది ఇదే, మనసు కుదరనిదీ ఇదే. బయల్దేరే ముందు నారాయణ అయ్యర్ గారు తన పలక ఇచ్చి రామానుజన్ పలక అడిగి పుచ్చుకున్నారు.

1914 మార్చి 17న నెవాసా అనే ఓడ మద్రాసు రేవు నుంచి కదిలింది. ఏప్రిల్ 14న లండన్‌లో దిగేసరికి నెవిల్ కారుతో వచ్చి నిలబడి ఉన్నాడు. భారతీయ విద్యార్థుల కోసం క్రామ్‌వెల్ రోడ్డులో ఉండే విడిదిలో నాలుగు రోజులు. తరువాత కేంబ్రిడ్జిలో నెవిల్ దంపతుల ఇంట్లోనే జూను దాకా. అప్పుడు గాని ట్రినిటీ కాలేజీలో సొంత గదులకు మారలేదు.

సొంత గది వచ్చాక ఏమైందో చూడండి. చలికాలంలో ఒకరోజు స్నేహితుడు ప్రశాంత చంద్ర మహలనోబిస్ గదికి వచ్చాడు. తరువాత కలకత్తాలో గణాంక సంస్థ పెట్టిన ఆయనే. రాత్రి బాగా చలిగా ఉంటోందని, ఓవర్‌కోటు తొడుక్కుని శాలువా కప్పుకుని పడుకుంటున్నానని రామానుజన్ చెప్పాడు. మంచం చూస్తే కంబళ్లన్నీ చక్కగా పరిచి అంచులు పరుపు కిందికి దోపి ఉన్నాయి. వాటి లోపలికి దూరి పడుకోవాలని అతనికి చెప్పినవాళ్లు లేరు. కంబళ్ల మీద పడుకుంటున్నాడు. మహలనోబిస్ దుప్పటి ఎత్తి చూపించాడు. ఇంకొకరి ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఈ చిక్కు రాలేదు.

తరువాతి కథ క్లుప్తంగా చెబుతాను. యుద్ధం వచ్చింది, మన కూరగాయలు దొరక్క, తనే వండుకుంటూ, వేళకు తినక 1917లో మంచాన పడ్డాడు. ఆసుపత్రుల్లో ఉండగానే 1918లో రాయల్ సొసైటీ సభ్యత్వం, ఆ అక్టోబరులో ట్రినిటీ ఫెలోషిప్ వచ్చాయి. 1919 మార్చి 27న బొంబాయి రేవులో దిగినప్పుడు చిక్కి సగమయి ఉన్నాడు.

మద్రాసు, కొడుముడి, కుంభకోణం తిప్పి, 1920 జనవరిలో మళ్లీ మద్రాసు తీసుకొచ్చారు. చెట్‌పట్‌లో ఇల్లిచ్చింది మన తెలుగువారే. తాటికొండ నంబెరుమాళ్ శెట్టి గారు, మద్రాసులో ఎన్నో పెద్ద ప్రభుత్వ భవనాలు కట్టిన కంట్రాక్టరు. అక్కడ ఒక ఇంటి పేరు క్రైనాంట్. ఆ పేరులో ఇంగ్లీషు ఏడుపు ఉందని రామానుజన్‌కు నచ్చలేదు. శెట్టిగారిదే గోమెత్ర అనే మరో ఇంటికి మార్చారు. జానకమ్మ పక్కన కూర్చుని కాగితాలు అందిస్తుంటే మంచం మీదే లెక్కలు చేశాడు. 1920 ఏప్రిల్ 26న ఆ ఇంట్లోనే కన్నుమూశాడు. 32 ఏళ్లు.

జానకమ్మ గారు ఆ తరువాత డెబ్బయి ఏళ్లకు పైగా బతికారు. బట్టలు కుట్టి జీవించారు, ఒక పిల్లవాణ్ణి చేరదీసి పెంచి పెద్ద చేశారు. 1994లో పోయారు. రామానుజన్ నోటుబుక్కులను 1957లో టాటా పరిశోధన సంస్థ ఫోటో తీసి రెండు సంపుటాలుగా అచ్చు వేసింది.

ఈ వ్యాసం సగంలో ఉండగా మనవడు ఫోను చేశాడు. వీసా ఇంటర్వ్యూ వచ్చే సోమవారమట. పెరట్లో చెట్టుకాయలతో ఈ ఏడు పెట్టిన ఆవకాయ జాడీలు రెండు బస్సులో వేసి పంపాం. ఒకటి వాడికి, రెండోది ఆ గది అబ్బాయికి. మేనత్తగారి ఊరివాళ్లను అడిగి ఆ కుర్రాడి చిరునామా తెప్పించాను. కుర్రాడేమిటి, అతనికీ ఇప్పుడు మనవలుంటారు. కార్డు కొన్నాను. ఈ వ్యాసం కార్యదర్శి గారికి అప్పగించి వచ్చి రాయాలి.